అమ్మాయికి నెలసరి గురించి, ఆ తర్వాతి సంగతుల గురించి ఎలా చెప్పాలి: అమ్మల కోసం స్టెప్ బై స్టెప్

1996లో, నేను 7వ క్లాసులో ఉండగా పెద్దమనిషినయ్యా. మా వీధి మొత్తానికి మైకు పెట్టి మరీ చెప్పారు. ఇంటి ముందు షామియానా, మేనమామ తెచ్చిన పట్టు లంగా, పేరంటాళ్ళు, చిమ్మిలి ముద్దలు, ఫొటోలు తీసేవాడొకడు నా గడ్డం పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి నానా హంగామా. పాలు పోసేవాడికి కూడా తెలుసు. కానీ ఆ రక్తం ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎందుకొస్తుందో, వచ్చే నెల మళ్ళీ వస్తుందనీ నాకు మాత్రం ఎవ్వరూ చెప్పలేదు. రెండోసారి వచ్చినప్పుడు మళ్ళీ ఫంక్షన్ చేస్తారు కాబోలు అనుకున్నా, ఒట్టు.

మా అమ్మని తప్పు పట్టట్లేదు, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పలేదు, వాళ్ళమ్మకి ఇంకెవరో చెప్పలేదు. అసలు ఆవిడ దగ్గర మాటల్లేవు. మీరే చూడండి, ఈ ఒక్క విషయానికి మనకి ఎన్ని పేర్లో, పెద్దమనిషవ్వడం, సమర్తాడటం, రజస్వల, పుష్పవతి, ముట్టు, మైల, బహిష్టు, బయట చేరడం, ఇప్పుడైతే 'డేట్ వచ్చింది'. అది వచ్చే చోటుకి మాత్రం ఒకటే పేరు, 'అక్కడ'. మరీ వివరంగా అడిగితే 'కింద'.

మా పాపకి ఇప్పుడు 14. దానికి 8 ఏళ్ళప్పటి నుంచి నేను పడుతూ లేస్తూ చెప్పుకొచ్చిన పద్ధతి ఇది. నేను డాక్టర్ని కాదు, కింద రాసిన ఆరోగ్యం లెక్కలు మామూలుగా ఏ గైనకాలజిస్ట్ అయినా చెప్పేవే, మీ పాప సంగతి వేరుగా ఉంటే మాత్రం వాళ్ళనే అడగండి.

స్టెప్ 1: ముందు మీ నోరు తిరగాలి

నవ్వకండి, ఇదే అన్నిటికంటే కష్టం. కుక్కర్ విజిల్స్ వేస్తుండగా వంటింట్లో ఒక్కరే నిలబడి పైకి అనండి. గర్భసంచి. అండాశయం. యోని. రొమ్ములు. పురుషాంగం. మూడో మాటకే నేను వెనక్కి తిరిగి చూశా ఎవరైనా విన్నారేమో అని, ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని నేను. తెలుగు మాట నోటికి రాకపోతే యుటెరస్, వజైనా అనే అనండి పర్లేదు, కానీ ఏదో ఒక అసలు పేరు ఉండాలి. మీరు సిగ్గుపడుతూ గొణిగితే పిల్లకి అర్థమయ్యేది ఒకటే, ఇది దాచుకోవాల్సిన విషయం అని.

పేర్లతో పాటు ఇంకోటి కూడా చూసుకోండి, మనకే తెలియనివి చాలా ఉంటాయి. మూత్రం వచ్చే దారి వేరు, నెలసరి వచ్చే దారి వేరు, మలం వచ్చేది వేరు, మొత్తం మూడు. నాకిది పెళ్ళయ్యాక తెలిసింది. ఇది తెలియక చాలామంది ఆడపిల్లలు ప్యాడ్ ఉంటే మూత్రానికి వెళ్ళకూడదేమో అనుకుని బిగబట్టుకుంటారు, అసలే స్కూల్ బాత్రూంలు ఎలా ఉంటాయో మీకు తెలుసు, దాంతో నీళ్ళు తాగడం మానేస్తారు, తర్వాత యూరిన్ ఇన్ఫెక్షన్ అని హాస్పిటల్ చుట్టూ తిరుగుడు.

స్టెప్ 2: ఎప్పుడు మొదలెట్టాలి

మొదటి నెలసరి ఎక్కువమందికి 10 నుంచి 15 ఏళ్ళ మధ్య వస్తుంది, కొందరికి 9కే రావచ్చు. ఒళ్ళు ముందే చెప్తుంది. రొమ్ము దగ్గర చిన్న గట్టి మొగ్గలా కనపడ్డాక సుమారు 2, రెండున్నర ఏళ్ళకి నెలసరి వస్తుంది, చంకల్లో వెంట్రుకలు, చెమట వాసన మారడం, రావడానికి కొన్ని నెలల ముందు చెడ్డీకి తెల్లగా అంటడం, ఇవన్నీ కనపడ్డాయంటే నెలసరి దారిలో ఉందన్నమాట. ఆ తెల్లది జబ్బు కాదు, దురదా వాసనా ఉంటేనే చూపించాలి. ఇది ముందే చెప్పకపోతే పిల్ల ఒక్కతే భయపడుతూ చెడ్డీలు ఉతికేసుకుంటుంది.

కాబట్టి 8, 9 ఏళ్ళకి మొదలెట్టేయండి. "స్కూల్లో చెప్తారు కదా" అంటారేమో, మన 8వ తరగతి పుస్తకంలో కౌమార దశ పాఠం ఉంది నిజమే, కానీ పిల్లలు అక్కడికొచ్చేసరికి 13 ఏళ్ళు, అప్పటికే క్లాసులో సగంమందికి అయిపోయి ఉంటుంది. పైగా మా టైంలో మా మాస్టారు ఆ రకం పాఠాలు రాగానే "ఇంటికెళ్ళి చదువుకోండి" అనేసి తర్వాతి పాఠానికి దూకేవారు.

స్టెప్ 3: కూర్చోబెట్టి మాట్లాడకండి

"రా, నీతో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలి" అని ఎదురుగా కూర్చోబెట్టారంటే ఇద్దరికీ నరకమే. నాకు కలిసొచ్చింది ఆదివారం తలకి నూనె రాయడం. నేను వెనక, అది ముందు, ఒకరి మొహం ఒకరికి కనపడదు, నా చేతులకి పని ఉంటుంది, అది లేచి పారిపోకుండా జుట్టు నా చేతిలో ఉంటుంది. స్కూటీ మీద వెళ్తూ, బట్టలు మడతపెడుతూ కూడా బాగుంటుంది. ఒకేసారి మొత్తం చెప్పాలని పెట్టుకోవద్దు, వారానికి అయిదు నిమిషాలు చాలు.

మా మొదటి సంభాషణ దాదాపు ఇలా నడిచింది.

"బంగారం, బాత్రూంలో నా ప్యాకెట్ చూశావు కదా, అదెందుకో తెలుసా?"

"పెద్దవాళ్ళ డైపరా?"

"కాదులేవే. ఆడవాళ్ళ పొట్టలో కింద ఒక సంచి ఉంటుంది, గర్భసంచి. నీ పిడికిలంత. నువ్వు పుట్టకముందు అందులోనే ఉన్నావు. చుట్టాలొస్తారని మనం పక్క వేసి దుప్పటి పరిచి ఉంచుతాం కదా, అలా అది ప్రతి నెలా లోపల మెత్తగా ఒక పొర వేసుకుంటుంది, బిడ్డ వస్తుందేమో అని. బిడ్డ రాలేదనుకో, ఆ పక్క తీసేస్తుంది. ఆ పొరే రక్తంతో కలిసి యోనిలోంచి బయటికొస్తుంది."

"రక్తమా? ఎంత? బకెట్టా?"

ఇక్కడ నేను లేచి వంటింట్లోంచి స్పూన్ తెచ్చి చూపించా. మొత్తం అన్ని రోజులకీ కలిపి మామూలుగా 30, 40 మిల్లీలీటర్లు, అంటే టేబుల్ స్పూన్‌తో రెండు మూడు. చూడ్డానికి చాలా అనిపిస్తుంది గానీ అంతే. పిల్లలకి 'కొంచెం' అంటే నమ్మరు, స్పూన్ చూపిస్తే నమ్ముతారు.

ఒక్క మాట మాత్రం పొరపాటున కూడా అనొద్దు, 'చెడు రక్తం'. అందులో చెడేమీ లేదు, మామూలు రక్తమే, దానితో ఆ పొర. చెడు రక్తం అన్నామంటే నెలకోసారి నా ఒంట్లో చెడు పుడుతోంది అని పిల్ల బుర్రలో పడిపోతుంది, ఇక తీయలేం.

స్టెప్ 4: కంచం, గ్లాసు, ప్యాడ్

చెప్పడం కాదు, చేయించండి. ఒక రోజు మధ్యాహ్నం స్టీల్ కంచంలో ఒక ప్యాడ్, పక్కన మెత్తటి పాత నూలు చీర ముక్క పెట్టి, గ్లాసులో నీళ్ళలో కాస్త కుంకుమ కలిపి స్పూన్‌తో పోయించా. ఏది ఎంత పీలుస్తుందో, ఎప్పుడు పక్కకి కారుతుందో అదే చూసింది. తర్వాత దాని చెడ్డీ మీద ప్యాడ్ అతికించమన్నా. జిగురు వైపు పైకి పెట్టింది! ఇద్దరం పడీ పడీ నవ్వాం, కానీ ఆలోచించండి, ఇది స్కూల్ బాత్రూంలో ఒక్కతే ఉన్నప్పుడు జరిగి ఉంటే.

ఆ రోజు నేర్పాల్సినవి: నిండినా నిండకపోయినా 4 నుంచి 6 గంటలకోసారి మార్చాలి. తీసింది న్యూస్‌పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేయాలి, టాయిలెట్‌లో వేసి ఫ్లష్ కొట్టకూడదు. మార్చే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. కడుక్కునేటప్పుడు పైపైన మామూలు నీళ్ళు చాలు, లోపల సబ్బులూ వాష్‌లూ అక్కర్లేదు. బట్ట వాడే ఇళ్ళల్లో బట్ట తప్పేం కాదు, శుభ్రమైన నూలుదై ఉండాలి, చల్ల నీళ్ళలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. మన దగ్గర జరిగేది ఏంటంటే ఎవరికీ కనపడకూడదని బాత్రూం మూల చీకట్లో లంగా కింద దాచి ఆరేస్తారు, అది సరిగా ఆరదు, ఇన్ఫెక్షన్ వచ్చేది అక్కడే. మెన్‌స్ట్రువల్ కప్పుల (ప్యాడ్ బదులు లోపల పెట్టుకునేవి) సంగతి కాస్త పెద్దయ్యాక తనకి ఇష్టమైతే చూసుకోవచ్చు.

డబ్బుల విషయానికొస్తే, ప్యాడ్ల మీద జీఎస్టీ 2018లో తీసేశారు, జన ఔషధి షాపుల్లో సువిధ ప్యాడ్ 2019 నుంచి ఒక్కోటి రూపాయికి ఇస్తున్నారు. ఊళ్ళో అయితే ఆశా వర్కర్‌ని అడగండి.

ఇక పౌచ్. పెన్సిల్ పౌచ్ లాంటి దాంట్లో రెండు ప్యాడ్లు, ఒక చెడ్డీ, ఒక పేపర్ కవర్, 9 ఏళ్ళు రాగానే స్కూల్ బ్యాగులో పడేయండి. మా పాప రెండేళ్ళు మోసింది. చివరికి అది వాడింది తనకి కాదు, బెంచీలో పక్క పిల్లకి.

స్టెప్ 5: ఆ రోజు వచ్చాక

మొదటి నిమిషం మీ మొహమే దానికి గుర్తుండిపోతుంది. 'అయ్యో' అనకండి, ఏడవకండి, వెంటనే ఫోన్ తీసి చెల్లెలికీ వదినకీ చేసేయకండి. నొప్పి ఉందా, ఏమైనా తింటావా అని అడగండి. నాన్నకి చెప్పనా అని కూడా దాన్నే అడగండి. మావారికి నేను ముందే చెప్పి ఉంచా, ఆయన ఆ సాయంత్రం ప్యాడ్ల ప్యాకెట్ తెచ్చి పప్పూ ఉప్పూతో పాటే టేబుల్ మీద పెట్టారు, షాపతను నల్ల కవర్లో వేయబోతే "ఎందుకండీ, బ్రెడ్డుకి వేస్తారా నల్ల కవర్" అన్నారట. మాటల కంటే అదే బాగా పనిచేసింది.

తర్వాత వచ్చేది అసలు తుఫాను, ఫంక్షన్. మా అత్తయ్యగారు మంచం మీంచి లేవకుండానే 9వ రోజుకి ముహూర్తం, మేనమామకి కబురు, చాప, అన్నీ ప్లాన్ చేసేశారు. నా అభిప్రాయం నేను చెప్తా, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. పసుపు రాసి స్నానం చేయించడం, సున్నుండలూ చిమ్మిలీ తినిపించడం, ఇంట్లో ఆడవాళ్ళంతా చుట్టూ చేరి పాటలు పాడటం నాకు ఇష్టమే, నువ్వులూ మినుములూ బెల్లమూ ఆ వయసు పిల్లకి మంచి తిండే. కానీ మూలన చాప మీద కూర్చోబెట్టి ఉప్పూ కారం లేని తిండి పెట్టడం, వారం పైన స్కూల్ మాన్పించడం, సెంటర్లో ఫొటోతో ఫ్లెక్సీ కట్టడం, ఇవి వద్దు. ఒకప్పుడు ఈ వేడుకకి అర్థం 'మా ఇంట్లో పెళ్ళికి పిల్ల సిద్ధం' అని ఊరికి చెప్పడం. ఇప్పుడు చట్టం ప్రకారం 18 నిండకుండా పెళ్ళే లేదు కదా, మరి రోడ్డు మీద పోయేవాడికి మన 12 ఏళ్ళ పిల్ల ఒంటి సంగతి ఎందుకు? వాట్సాప్ స్టేటస్ కూడా ఫ్లెక్సీయే, గుర్తుంచుకోండి. మా పాపని అడిగితే "పట్టు లంగా కావాలి, స్కూల్ ఫ్రెండ్స్‌కి తెలియకూడదు" అంది. అలాగే చేశాం, ఇంట్లో పదిమందితో. అత్తయ్యగారు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు, అయిదో రోజు ఆవిడే సున్నుండల డబ్బా తెచ్చి పాప పక్కన కూర్చున్నారు.

మైల గురించి కూడా నిజం చెప్పండి. పచ్చడి జాడీ ముట్టుకుంటే పాడవ్వదు, మొక్క ఎండిపోదు, కావాలంటే చేసి చూపించండి. పూజగది దగ్గర మీ ఇంటి పట్టింపు ఉంటే అది మన ఆచారం అని చెప్పండి, నీ ఒళ్ళు మురికి కాబట్టి అని మాత్రం చెప్పకండి. ఇంకోటి, పెళ్ళిళ్ళు వ్రతాలు వచ్చినప్పుడు డేట్ వెనక్కి జరిపే మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేసేస్తారు చాలామంది. అవి హార్మోన్ మాత్రలు, చాక్లెట్లు కావు. డాక్టర్‌ని అడగకుండా పిల్లకి వేయొద్దు.

స్టెప్ 6: క్యాలెండర్, నొప్పి, డాక్టర్

పాలలెక్క, గ్యాస్ వచ్చిన రోజు రాసుకునే గోడ క్యాలెండర్ మీదే చిన్న చుక్క పెట్టుకోమనండి, ఫోన్‌లో యాప్ కంటే అదే నయం. మొదటి రెండేళ్ళు లెక్క తప్పుతుంది, 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు లేదు, 2 నుంచి 7 రోజులు ఉండొచ్చు. చూపించాల్సినవి ఇవి: గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతూ ఉండటం, 7 రోజులు దాటడం, మొదలయ్యాక 3 నెలలు అసలు రాకపోవడం, ప్రతి నెలా స్కూల్ మానేంత నొప్పి, 8 ఏళ్ళ లోపే రావడం, 15 వచ్చినా రాకపోవడం. "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అనే పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపేయండి.

నొప్పికి వేడి నీళ్ళ బ్యాగ్, కాస్త నడక. మాత్ర వేయాల్సొస్తే డాక్టర్ చెప్పింది, ఏదో ఒకటి తిన్నాకే. మనం పప్పుబెల్లాల్లా వాడే మెఫెనమిక్ యాసిడ్ మాత్రల మీద 2023లో కేంద్రం వాళ్ళు అలర్ట్ కూడా ఇచ్చారు, అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని.

రక్తహీనత సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2019-21 నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్ళే, మన రెండు రాష్ట్రాల్లోనూ అంతే. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్రని పిల్లలు కిటికీలోంచి విసిరేస్తారు, మావాళ్ళూ అంతే. అన్నం తిన్నాక వేసుకోమనండి, టీ పాలతో కాదు, నిమ్మకాయ నీళ్ళతో అయితే ఒంటికి బాగా పడుతుంది.

స్టెప్ 7: "మరి బిడ్డ లోపలికి ఎలా వెళ్తుంది?"

పక్క వేయడం కథ చెప్పారు కాబట్టి ఈ ప్రశ్న వస్తుంది, రాక తప్పదు. దేవుడిచ్చాడు, హాస్పిటల్లో కొన్నాం, ఇలాంటివి చెప్పకండి. నాకు పనికొచ్చిన పద్ధతి, అడిగినంత వరకే చెప్పడం, కానీ చెప్పింది నిజమై ఉండటం. ఆరేళ్ళ పిల్లకి 'అమ్మ దగ్గర ఒక చిన్న గుడ్డు, నాన్న దగ్గర ఒక చిన్న విత్తనం, రెండూ కలిస్తే బిడ్డ' చాలు. 10, 11 ఏళ్ళకి అది చాలదు. నేను ఇలా చెప్పా: పెద్దయ్యాక ఒకరంటే ఒకరికి ఇష్టమున్న ఇద్దరు దగ్గరగా ఉన్నప్పుడు మగవాడి పురుషాంగం ఆడవాళ్ళ యోనిలోకి వెళ్తుంది, అందులోంచి వచ్చిన వీర్యకణం అండంతో కలిస్తే బిడ్డ తయారవుతుంది. రెండు వాక్యాలు. చెప్తున్నప్పుడు నా చెవులు కాలిపోయాయి.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "అంటే నువ్వూ, నాన్నా..."

"అవును."

"ఛీ!" అంది. ఒక్క నిమిషం ఆగి, "ఇవాళ కూర ఏంటి?" అంది.

అంతే అయ్యింది. నేను ఆరు నెలలు భయపడిన విషయం బెండకాయ వేపుడు దగ్గర ముగిసింది.

13 దాటాక మాట మారాలి. అప్పటికి ఫోన్‌లో ఏవేవో చూసే ఉంటారు, 'మా పిల్ల అలాంటిది కాదు' అనుకోకండి, పక్కవాళ్ళ ఫోన్లు ఉంటాయి. ఆ వీడియోల్లో ఉండేది నటన, నిజం ఒళ్ళు అలా ఉండదు, నిజం మనుషులు ఒకరినొకరు అలా చూసుకోరు అని చెప్పండి. ముద్దు పెట్టుకుంటే కడుపు రాదు, మొదటిసారి అయితే కడుపు రాదనేది మాత్రం అబద్ధం, అని చెప్పండి. కండోమ్ ఏంటో, ఎందుకో చెప్పండి. చెప్తే చెడిపోతారని మనకి భయం, చెప్పకపోతే వాళ్ళ క్లాసులో ఎవరో ఒకరు తప్పుగా చెప్తారు, తేడా అంతే. ఎవరైనా నచ్చడం తప్పు కాదని కూడా చెప్పండి, లేకపోతే మొదటి క్రష్ దగ్గరే మనతో మాటలు ఆపేస్తారు. చట్టం సంగతి కూడా చెప్పాలి, 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు వాళ్ళతో లైంగిక సంబంధం, అమ్మాయి ఇష్టపడి ఒప్పుకున్నా సరే, నేరమే. ఇది బెదిరించడానికి కాదు, రేపు ఇద్దరి బతుకులూ స్టేషన్ మెట్లెక్కకుండా.

స్టెప్ 8: ఇది నిజానికి మొదటి స్టెప్

మూడేళ్ళ నుంచే చెప్పాల్సింది చివర్లో రాస్తున్నా, నా ఇంట్లో కూడా ఆలస్యంగానే చెప్పా మరి. చెడ్డీ, బనీను కప్పే చోట్లు నీవి, స్నానం చేయించేటప్పుడు అమ్మ, అమ్మ పక్కనుండగా డాక్టర్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరూ వాళ్ళవి నిన్ను ముట్టుకోమనకూడదు. 'అమ్మకి చెప్పకు' అని ఎవరైనా అన్నారంటే అదే ముందు అమ్మకి చెప్పాల్సిన విషయం. చుట్టాలొచ్చినప్పుడు "మామయ్యకి ముద్దు పెట్టు, తాతయ్య ఒళ్ళో కూర్చో" అని నెట్టకండి, పిల్ల వద్దంటే వద్దు, నమస్కారం చాలు. ఇలాంటివి చేసేవాళ్ళు ఎక్కువగా తెలిసినవాళ్ళే.

ఫొటోలు కూడా ఇందులోకే వస్తాయి. ఎవరైనా ఫొటో అడిగినా, పెడతానని బెదిరించినా, ముందే పంపేసి ఉన్నా, నాకు చెప్పు, నేను తిట్టను అని ఇవాళే మాటివ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, పోలీస్ 112, తెలంగాణలో అయితే షీ టీమ్స్ ఉన్నాయి, ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అతికించండి. పిల్ల వచ్చి ఏదైనా చెప్తే మొదటి మాట "నీ తప్పు కాదు", రెండో మాట కూడా అదే. "నువ్వు అక్కడికెందుకెళ్ళావు" అన్నామంటే ఇక జన్మలో ఏదీ చెప్పదు. ఒకసారి నేను వేరే విషయంలో అలాగే అనేశా, అది మళ్ళీ మామూలుగా మాట్లాడ్డానికి రెండు నెలలు పట్టింది, అప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాం, నోటితో అడగలేనివి అందులో రాసి నా దిండు కింద పెడుతుంది, నేను జవాబు రాసి దాని దిండు కింద పెడతా. ఇప్పటికీ నడుస్తోంది.

కొడుకు ఉంటే

వాడికీ చెప్పాలి, ఇవే మాటలు, ఇదే వయసులో. నేను మర్చిపోయా. మావాడికి 9 ఏళ్ళు, మొన్న రాత్రి అన్నాలప్పుడు టీవీలో ప్యాడ్ యాడ్ వచ్చింది, నీలం నీళ్ళు పోసి చూపిస్తారు కదా, "అక్కా, ఇంకు ఒలికితే తుడవడానికా ఇది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా పాప పప్పన్నం కలుపుకుంటూ మొత్తం చెప్పేసింది, గర్భసంచి, చుట్టాలు, పక్క, దుప్పటి, అన్నీ, నా మాటలే, నాకంటే సాఫీగా. వాళ్ళ నాన్నమ్మ అక్కడే కూర్చుని వింటున్నారు, ఏమీ అనలేదు. మావాడు ఆలోచించి, "మరి దుప్పటి నీలం రంగుదా?" అన్నాడు.

"కాదురా, ఎరుపు," అన్నారు అత్తయ్యగారు.